ఈదమ్మ పాటకు స్పీకర్ డబ్బాలు

మా దేవరయాంజాల్‌లో బతుకమ్మ ఆడేటప్పుడు పాట చెప్పేది ఈదమ్మ. ముందు ఆమె ఒక వరుస పాడుతుంది. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగే ఆడవాళ్లందరూ దాన్ని అందుకుని మళ్లీ పాడతారు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఒక్క పాటా రాదు. "రాకుంటె ఏమైతది? నేను చెప్త, నువ్వు అందుకో" అంది. అంతే, అందుకున్నాను. ఆ తర్వాత పాతికేళ్లు అందుకుంటూనే వచ్చాను. నేను దూలపల్లిలో డ్యూటీకి పోతే పసివాడైన నా కొడుకును చంకనేసుకుని తిరిగింది కూడా ఆమే. చుట్టం కాదు, పక్కం కాదు, మా వెనకింటి మనిషి. ఆమెను తలచుకుంటే చాలు, నాకు కడుపు నిండినట్టు ఉంటుంది.

రెండేళ్ల కింద ఈదమ్మ గొంతు దగ్గర గడ్డకు ఆపరేషన్ జరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ గొంతు సన్నబడిపోయింది. పక్కన కూర్చుంటే పాట చక్కగా వినిపిస్తుంది, నాలుగడుగులు దాటితే ఏమీ వినపడదు. ఆ ఏడాదే బడి మైదానంలోకి డీజే వచ్చింది. తెప్పించింది సుధీర్. ప్లాట్ల వ్యాపారం, కొంచెం రాజకీయం, ఊరికి ఏం కావాలన్నా ముందు నిలబడే గుణం, మంచివాడే. కానీ మనిషెత్తు డబ్బాలు గుండెలదిరేలా మోగుతుంటే ఇంక ఎవరి పాట ఎవరికి కావాలి? ఆడవాళ్లు పాడటం మానేసి ఎగరడం మొదలుపెట్టారు. ఈదమ్మ తన బతుకమ్మను తెచ్చి మధ్యలో పెట్టి, కాసేపు ఒక పక్కన నిలబడి, ఇంటికి పోయేది.

పోయిన ఏడాది పండుగ అయిపోయాక ఆమె నాతో ఒక మాట అంది.

"నాకొచ్చిన పాటలు నాతోనే పోతయేమో పద్మా. ఒక్కసారి సద్దులనాడు పూరాగ ఒక్క పాట చెప్పాలె. అందరు అందుకోవాలె. ఇగ నాకేం వద్దు."

సద్దుల బతుకమ్మ అంటే తొమ్మిదో రోజు, పెద్ద పండుగ. ఆ మాట నాకు ఏడాది పొడుగునా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే నేను ఇరవై ఏళ్లు పని చేసింది స్పీకర్లు తయారు చేసే చోట. రాగితీగ కాయిలు చుట్టడం, దాని మీద కాగితపు కోను అంటించడం నాకు అన్నం కలిపినంత అలవాటు. ఆ చిన్న కంపెనీ మూతపడ్డాక కూడా ఇంట్లో రిపేర్లు చేస్తూనే ఉన్నాను. ఊరంతటికీ స్పీకర్లు బాగు చేసే మనిషిని, వెనకింటి పెద్దమ్మ గొంతు ఊరికి వినిపించలేకపోతే ఎందుకు?

ఈ ఏడాది వర్షాలప్పుడు మేడ్చల్‌లోని ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు సేవా శిబిరమని మా ఊరికి వచ్చారు. చేతుల్లో కొత్త చీపుర్లు. బడి ముందు ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ ఫొటోలు దిగుతున్నారు. నాకు ఒళ్లు మండింది. గేటు దగ్గర నిలబడి అడిగాను.

"ఫొటోల ఊడ్సుడు అయిపోయిందా? అసలు పని ఏమన్న చేస్తరా?"

ఇంకొకరైతే నొచ్చుకునేవారు. ఒక పిల్ల మాత్రం చీపురు పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏం పని ఆంటీ? ఇక్కడ్నేనా? ఇప్పుడేనా? మీరెవరు ఆంటీ?"

ఆ పిల్ల పేరు వర్ష. ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోపు ఇంకో నాలుగు అడుగుతుంది. స్పీకర్లు చేద్దాం, మా ఈదమ్మ పాట ఊరందరికీ వినిపిద్దాం అని చెప్పాను. వాళ్ల సారు కూడా సరేనన్నాడు. అప్పటి నుంచి ఆదివారం వచ్చిందంటే మా ఇంటి రేకుల షెడ్డు పిల్లలతో నిండిపోయేది. అందరిలోకీ గట్టిగా నిలబడ్డవాళ్లు ముగ్గురు. అన్వేష్, అశ్రిత, ఈ వర్ష.

అన్వేష్‌కు దిమ్మ తిరిగే బాస్ కావాలి. "ఆంటీ, ఛాతిల గుద్దినట్టు రావాలె" అంటాడు. "మనం వినిపిచ్చేది ముసలవ్వ పాటరా, ఛాతిల గుద్దుతె ఆమె పడిపోతది" అనేదాన్ని. అయినా నాగారం దాకా తిరిగి, పాత సామాన్ల దుకాణాలన్నీ వెతికి చిరిగిన స్పీకర్లు మూట కట్టి తెచ్చింది వాడే. అశ్రిత మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉంటుంది గానీ, ప్లైవుడ్ కోస్తే గీత తప్పదు. పాత కోనులు పీకేసి, కొత్త కాయిలు కూర్చోబెట్టి, కొత్త కోనులు అంటించడం నేర్పాను. అంటించేటప్పుడు కాయిలు చుట్టూ పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు దోపాలి. అప్పుడే అది అయస్కాంతానికి తగలకుండా నడిమధ్యన నిలబడుతుంది. గమ్ము పూర్తిగా ఆరాక ఆ ముక్కలు లాగేయాలి. ఆరాక, అని ఎన్నిసార్లు చెప్పినా వర్ష కబుర్లలో పడి పచ్చి గమ్ము మీదే లాగేసింది. వేలితో నొక్కితే కోను గరగరమంది.

"నోరు జర బంద్ పెడితె చేతులు పనిచేస్తయి" అన్నాను.

"ఆంటీ, నేను మాట్లాడకపోతె నాకే నిద్రొస్తది" అంది. ఆ గరగరమన్న స్పీకరును విప్పి మళ్లీ మొదటి నుంచి చేసింది. రెండోసారి కూడా మాట్లాడుతూనే చేసింది గానీ, గమ్ము ఆరేదాకా దాని పక్కనే కాపలా కూర్చుంది. ఆ పిల్ల మీద నాకు కోపం ఎంతసేపూ నిలిచేది కాదు.

పండుగ దగ్గర పడేసరికి చిన్న చిన్న డబ్బాలు ఆరు తయారయ్యాయి. నేను సుధీర్ దగ్గరికి పోయాను. విషయం చెబితే నవ్వాడు.

"అక్కా, డీజే వానికి మాటిచ్చిన. కాని నువ్వు గింత అడిగినంక కాదంటనా? సద్దులనాడు మొదటి గంట నీ డబ్బాలకిస్త. ఏడో రోజు నేనొచ్చి వింట. ఆఖరి వరుసల ఆడోళ్లకు గూడ పాట వినపడాలె. వినపడలేదనుకో, మొదటి నుంచే డీజే."

న్యాయమైన మాటే. ఒప్పుకున్నాను.

అంతకుముందే ఒకసారి సరిచూసుకుందామని పిల్లలు ఆరో రోజు సాయంత్రం పెట్టుకున్నారు. ఎందుకంటే ఆ రోజు మైదానం ఖాళీ. నాకూ తట్టలేదు. డబ్బాలు కర్రలకు కట్టి ఈదమ్మను పిలవడానికి పోతే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంది పద్మా, గిదేమన్న మతి ఉన్న మాటేనా? ఇయ్యాల అలిగిన బతుకమ్మ. అమ్మ అలిగి కూసుంటె మనం మైకులు వెట్టి పాడుకుంటమా?"

నిజమే. ఆరో రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు. మైదానం ఎందుకు ఖాళీగా ఉందో పిల్లలకు తెలియదంటే అర్థముంది, నా బుద్ధి ఎక్కడికి పోయింది? చేసేది లేక ఆమె లేకుండానే చూసుకున్నాం. వర్ష మైదానం మధ్యలో నిలబడి, తీగలేని మైకు నోటి దగ్గర పెట్టుకుని, తన కాలేజీ సంగతులన్నీ చెప్పింది. హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి మా నెత్తి మీదుగా పోయినా ఆ పిల్ల గొంతు బడి గోడ అవతల దాకా స్పష్టంగా వినిపించింది. అన్వేష్ ఎగిరి గంతేశాడు. మా పని అయిపోయిందనుకున్నాం.

ఏడో రోజు సాయంత్రం ఈదమ్మ తల దువ్వుకుని, పచ్చ చీర కట్టుకుని వచ్చింది. సుధీర్ కుర్చీ వేసుకుని ఆఖరున కూర్చున్నాడు. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ చేరారు. అన్వేష్ వినయంగా మైకు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి సప్పట్లెట్ల కొట్టాలె?"

బతుకమ్మ పాట చెప్పే మనిషి రెండు చేతులా చప్పట్లు కొడుతూ, వంగుతూ, లేస్తూ, అందరితో పాటు తిరుగుతూ చెబుతుంది. ఆ చప్పట్లే పాటకు తాళం. అన్వేష్ మగపిల్లవాడు, ఎప్పుడూ ఆ వరుసలో లేడు. వర్ష, అశ్రిత బతుకమ్మ ఆడారు గానీ డీజే డబ్బాల ముందే ఆడారు, అక్కడ పాడే మనిషే ఉండదు. మరి నేను? పాతికేళ్లు ఆమె వెనకే చప్పట్లు కొట్టినదాన్ని. కాయిలు గురించి, కోను గురించి ఆలోచించాను గానీ ఆమె చేతుల గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు.

"నిలబడి పాడు అవ్వా, తిరిగేటోళ్లు తిరుగుతరు" అన్నాడు అన్వేష్.

"కాళ్లు నడిస్తెనే నాకు పాట యాదికొస్తది బిడ్డా. నిలబడితె పాట గూడ నిలబడుతది."

మైకును చీర కొంగుకు కట్టాం. డబ్బాల్లోంచి చప్పట్లు, గాజుల చప్పుడు తప్ప పాట రాలేదు. పాట వినపడాలని అన్వేష్ సౌండు పెంచాడు. ఆమె తిరుగుతూ తిరుగుతూ ఒక డబ్బా ముందుకు వచ్చేసరికి కూఁ... అని ఒకటే కూత. చంటిపిల్లలు ఏడ్చారు. పక్క డబ్బా దగ్గర మళ్లీ కూత. చెవికి తగిలించే చిన్న మైకు కూడా తెచ్చాడు అన్వేష్, పాపం. చెవులకు గంటీలు, మెడ మీద ఆపరేషన్ మచ్చ, ఏది తగిలినా ఆమెకు చిరాకు. రెండడుగులు వేసి దాన్ని పీకేసింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు.

ఈదమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. చెమట తుడుచుకుని నా భుజం తట్టింది.

"నాతోని కాదు పద్మా. పోరగాండ్లు మస్తు తిప్పల వడ్డరు, వాళ్లనేం అనకు. డీజేనే వెట్టుకోండ్రి."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. సుధీర్ నా ముఖం చూడలేక కుర్చీ మడిచి పోయాడు. పిల్లలు వైర్లు చుడుతూ తలలు దించుకున్నారు. వర్ష కూడా మాట్లాడలేదు. అది నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది.

మర్నాడు పొద్దున్నే లేచి టీ పెట్టుకుంటూ నన్ను నేను తిట్టుకుంటుంటే దారి దొరికింది. మైకు నోటికి ఆనుకుని ఉంటే సౌండు తగ్గించవచ్చు, తగ్గిస్తే కూత రాదు. ఆమె చేతులు ఖాళీగా ఉండాలి. అంటే మైకును ఇంకెవరో పట్టుకోవాలి. ఆమె ముందుకు నడుస్తుంటే, ఆమెకు ఎదురుగా వెనక్కి నడవాలి. ఆ వరుసలోకి మగపిల్లలు రారు కాబట్టి అది ఆడపిల్లే చేయాలి. ఫోన్ చేసి చెప్పీ చెప్పకముందే వర్ష అరిచింది.

"నేను చేస్త ఆంటీ! నేనే!"

గంటలో అశ్రితను వెంటేసుకుని బస్సు దిగింది. ఇద్దరినీ ఈదమ్మ వాకిట్లోకి తీసుకుపోయాను. ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఎనుకకు నడిసి పడితె నడుము ఇరుగుతది పిల్లకు" అంది. వర్ష అప్పటికే ఒక చెంచాను మైకులా పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కోడి మీద కాలు వేయబోయి, నీళ్ల డ్రమ్ముకు గుద్దుకుని పడి, లేచి, మళ్లీ నడిచింది. ఈదమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే చప్పట్లు అందుకుంది, చప్పట్లతో పాటు పాట వచ్చింది. అయిదుగురు అక్కచెల్లెళ్లు బావి తవ్వే పాట. అది ఆమెకు తప్ప ఎవరికీ రాదు. పొద్దంతా ఆ వాకిట్లో తిరుగుతూనే ఉన్నారు. వర్ష వీపు దేనికీ తగలకుండా అశ్రిత వెనక నుంచి నడుము పట్టుకుని దారి చూపింది. ముగ్గురూ కలిసి ఎద్దులబండి తిప్పినట్టు తిరుగుతుంటే గోడ మీద నుంచి చూసేవాళ్లు చూశారు.

నేను మళ్లీ సుధీర్ దగ్గరికి పోయాను. గంట అడిగే ముఖం నాకు లేదు.

"ఒక్క పాట అక్కా" అన్నాడు. "ఆమె పాట ఇనుకుంటనే పెరిగిన, నాకు ఆశ లేదా? కాని జనం పరేషాన్ అయితె నేను ఆపుత."

సద్దులనాడు మైదానం నిండిపోయింది. తంగేడు, గునుగు, బంతి, ఎన్ని బతుకమ్మలో. డీజే బండి గోడ పక్కన ఆగి ఉంది. దాని ముందు మా చిన్న డబ్బాలు చూస్తే నాకే నవ్వొచ్చింది. అన్వేష్ సౌండు బటన్ మీద చేయి పెట్టి కూర్చున్నాడు. వర్ష చెప్పులు విప్పింది, అశ్రిత వెనక నుంచి ఆమె నడుము పట్టుకుంది. ఈదమ్మ బతుకమ్మలకు దండం పెట్టి, రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టింది.

"బావి తవ్వ పోయిరి ఉయ్యాలో, అయిదుగురక్కసెల్లెండ్లు ఉయ్యాలో..."

వినిపించింది. ఎక్కడా కూత లేదు. ఆమె గొంతు ఎంత సన్నగా ఉందో అంత సన్నగానే, పక్కన కూర్చుని పాడినట్టు, మైదానం ఆ చివరిదాకా వినిపించింది. ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. రెండేళ్లుగా మర్చిపోయారు కదా. తర్వాత ముసలివాళ్లు అందుకున్నారు, వాళ్లను చూసి కోడళ్లు, కోడళ్లను చూసి పిల్లలు. నేను వరుసలో చప్పట్లు కొడుతున్నానన్న మాటే గానీ కళ్లు మసకబారి ముందున్న మనిషి కనిపించలేదు.

పాటలో పెద్దక్క గడ్డపార పట్టింది. రెండో అక్క మట్టి తోడింది. వర్ష ఈదమ్మ కళ్లలోకే చూస్తూ, మైకు కదలకుండా, వెనక్కి వెనక్కి నడుస్తోంది. మూడో అక్క తట్టలెత్తింది. నాలుగో ఆమె వంతు అయిందో లేదో ఈదమ్మకు దగ్గు పట్టుకుంది. వర్ష చటుక్కున మైకు పక్కకు తీసింది. దగ్గు ఆగలేదు. చప్పట్లు ఒకటి రెండు చోట్ల తాళం తప్పాయి. ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. డీజే బండి కుర్రవాడు లేచి నిలబడ్డాడు. సుధీర్ చేయి ఎత్తాడు, పాట ఆపమనో, డీజే వాణ్ని ఆగమనో నాకు తెలియలేదు. అయిపోయింది, పాట సగంలోనే పోయింది అనుకున్నాను.

డబ్బాల్లోంచి గొంతు వచ్చింది.

"సిన్నది ఒడ్డునే కూసుండె ఉయ్యాలో, నీళ్లు పిలుస్తున్నయనె ఉయ్యాలో..."

అది వర్ష. మైకు తన నోటి దగ్గర పెట్టుకుంది. గొంతు వణికింది, రాగం కొంచెం పక్కకు పోయింది, కానీ మాట ఒక్కటీ తప్పలేదు. మైదానం మొత్తం ఆ వరుసను అందుకుంది.

ఈదమ్మ ఆగిపోయి ఆ పిల్లను చూసింది. వర్ష భయపడి ఆమె దగ్గరికి వంగింది. నేను వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను.

"అవ్వా, ఇగ ముంగట నాకు రాదు. మొత్తం నేర్సుకోలే."

ఈదమ్మ ఆ పిల్ల చెవిలో తర్వాతి వరుస చెప్పింది. వర్ష దాన్ని మైకులో పాడింది. మేమంతా అందుకున్నాం. మళ్లీ చెవిలో చెప్పింది, మళ్లీ పాడింది. చెవిలో చెప్పడానికి ఆమెకు పెద్ద గొంతు అక్కర్లేదు, దగ్గు కూడా తగ్గింది. అప్పుడు చూశాను, ఈదమ్మ చప్పట్లు కొడుతూ మాతో పాటు తానూ అందుకుంటోంది. వర్ష పాడిన వరుసనే, మా అందరి గొంతుల్లో కలిసి. పాట పూర్తయింది. అయిదుగురి బావిలో నీళ్లు పడ్డాయి. సుధీర్ డీజే బండి దగ్గరికి పోయి తాళం చెవి అడిగి తన జేబులో వేసుకున్నాడు.

ఈదమ్మ రొప్పుతూ నా చేయి పట్టుకుంది. ఆమె ముఖం నిండా నవ్వు, కళ్ల నిండా నీళ్లు.

"నేను పిల్లగున్నప్పుడు మా అవ్వ వెనుక అందుకున్న పద్మా. అవ్వ పోయిన కాడికెళ్లి నేను చెప్పుడే, వీళ్లు అందుకునుడే. నాకు చెప్పెటోళ్లే లేకపాయె. మళ్ల ఒకల వెనుక పాడుడు నా బతుకుల ఉంటదనుకోలే. ఆ పిల్ల సల్లగుండ."

ఆ పిల్లను మా ఊరికి పంపిన దేవుడెవరో గానీ ఆయనకు చేతులెత్తి దండం పెట్టుకున్నాను. అన్వేష్‌కు, అశ్రితకు, బడి ముందు ఊడ్చిన చోటే ఊడ్చిన ఆ పిల్లలందరికీ కూడా పెట్టుకున్నాను.

"ఇంకో పాట అవ్వా!" అని వరుసలోంచి ఎవరో అరిచారు.

వర్ష మైకు తెచ్చి ఈదమ్మ నోటి దగ్గర పెట్టబోయింది. ఈదమ్మ దాన్ని మెల్లగా ఆ పిల్ల వైపే తిప్పి, చెవిలో మొదటి వరుస చెప్పి, వెనక్కి వచ్చి నా పక్కన వరుసలో నిలబడింది.